బొమ్మ గీయడం నేర్చుకుందాం – 4వ పాఠం: గ్లాసు అడుగు ఎందుకు తిన్నగా వచ్చింది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? టేబుల్ మీద గాజు గ్లాసు పెట్టి, ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఎలా కనిపిస్తే అలా గీయమన్నాను. ఆ కాగితం తీసి పక్కన పెట్టుకోండి. మీ బొమ్మ చూడకుండానే ఒక మాట చెప్తాను. పై అంచు బాగా తెరుచుకుని దాదాపు గుండ్రంగా ఉంది. అడుగు మాత్రం స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నని గీత. అవునా? కాకపోతే మీకు ఈ పాఠంతో పెద్దగా పని లేదు, నేరుగా చివర్లో ఉన్న ఇంటిపనికి వెళ్ళిపోండి.

ఇప్పుడు మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని అదే గ్లాసును చూడండి. ఒక కన్ను మూసి, పెన్సిల్‌ను అడ్డంగా పట్టుకుని, పై అంచు ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత వెడల్పుందో కొలవండి. తర్వాత పెన్సిల్‌ను నిలువుగా తిప్పి, అదే అంచు ముందు వైపు నుంచి వెనక వైపుకు ఎంత ఎత్తు కనిపిస్తోందో కొలవండి. వెడల్పులో సగం కూడా ఉండదు. గుండ్రం కానే కాదు, పైనుంచి నొక్కినట్టున్న సన్నటి కోల ఆకారం. ఇక అడుగు చూడండి. అదీ కోలే, పైగా పై అంచు కన్నా కాస్త ఎక్కువ విప్పుకున్న కోల. వలయం కంటి మట్టానికి ఎంత కిందికి దిగితే అంత విప్పుకుంటుంది, అడుగు పై అంచు కన్నా కిందే కదా ఉంది. మీ కాగితం మీద సరిగ్గా దీనికి తిరగేసి వచ్చింది.

చాలామంది దీన్ని ‘ఇంకా చెయ్యి తిరగలేదు’ అని సరిపెట్టుకుంటారు. నేను ఒప్పుకోను. ‘జ్ఞ’ రాయగల చేతికి గ్లాసు అడుగున ఉన్న ఆ చిన్న వంపు ఒక లెక్కా? చెయ్యి తనకు అందిన కబురు ప్రకారమే గీసింది. కబురే తప్పు. గ్లాసు మూతి గుండ్రమని మీకు తెలుసు, అడుగు బల్ల మీద చదునుగా కూర్చుంటుందని తెలుసు. ఆ తెలిసిందంతా కాగితం మీదికి దిగింది, కంటికి కనిపించింది మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో ఈసారి వెతుకుదాం. ఈ పాఠంలో గీయడం తక్కువ, చూడటం ఎక్కువ.

రెండు చేతుల పరీక్ష

కుడి చెయ్యి పూర్తిగా చాచి అరచెయ్యి మీ వైపు తిప్పుకోండి. ఎడమ అరచేతిని అందులో సగం దూరంలో, కాస్త పక్కగా పట్టుకోండి. రెండూ చూడండి. రెండూ ఒకే సైజులో ఉన్నట్టే ఉంటాయి. మహా అయితే దగ్గరి చెయ్యి రవ్వంత పెద్దదనిపిస్తుంది. ఇప్పుడు ఒక కన్ను మూసి, దగ్గరి చేతిని మెల్లగా జరిపి దూరపు చేతికి అడ్డం తీసుకురండి. వేళ్ళతో సహా కుడి అరచెయ్యి మొత్తం ఎడమ చేతి వెనక దాక్కుంటుంది, ఇంకా చోటు మిగులుతుంది. దూరం సగమైతే కంటి లోపల పడే బొమ్మ పొడవు రెట్టింపు అవుతుంది. లెక్క ప్రకారం దగ్గరి చెయ్యి మొదటి నుంచీ రెండింతలే. మీకు మాత్రం అలా కనిపించలేదు.

కంట్లో పడింది ఒకటి, మీకు కనిపించింది ఇంకొకటి. మధ్యలో మెదడు ‘రెండూ నా చేతులే, రెండూ ఒకే కొలత’ అని సర్దేసింది. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని పరిమాణ స్థిరత్వం అంటారు. పేరు గుర్తు పెట్టుకోకపోయినా ఫరవాలేదు, ఈ చేతుల పరీక్ష మాత్రం మరిచిపోకండి. ఒక కన్ను మూసి, ఒకదాని మీదికి ఒకటి తెచ్చేసరికి మెదడు సర్దుబాటు సడలిపోయింది చూశారా? బొమ్మలు గీసేవాళ్ళ కిటుకులన్నీ దాదాపు ఈ కోవలోవే.

ఇంకొకటి కూడా చేసి చూడండి, నమ్మకం కుదురుతుంది. అద్దం ముందు నిలబడి, ఒక కన్ను మూసి, అద్దం మీద మీ తల పైభాగం కనిపించే చోట ఒకటి, గడ్డం కింద ఒకటి సబ్బు ముక్కతో గీతలు పెట్టండి. ఆ రెండు గీతల మధ్య దూరం స్కేలుతో కొలవండి. మీ ముఖం పొడవులో సరిగ్గా సగం ఉంటుంది. అద్దంలో మీ ప్రతిబింబం అద్దం ఎంత దూరమో దానికి రెట్టింపు దూరంలో ఉంటుంది కాబట్టి అంతే ఉండాలి మరి. నాలుగడుగులు వెనక్కి వెళ్ళినా ముఖం ఆ రెండు గీతల మధ్యే ఇముడుతుంది. పుట్టినప్పటి నుంచి రోజూ అద్దం చూసుకునే మనకు, అందులో కనిపించేది సగం ముఖమని ఎప్పుడూ తట్టదు.

కంటి లోపల ఏముంది

ఇక్కడ కాస్త శాస్త్రం అవసరం. కంటి ముందున్న పారదర్శక పొర కార్నియా, దాని వెనక లెన్సు కలిసి వెలుతురును వంచి, కంటి వెనక గోడకు అంటుకున్న రెటీనా అనే పలచటి పొర మీద బొమ్మగా పడేస్తాయి. ఆ బొమ్మ తలకిందులు. ఈ సంగతి 1604లో యోహానెస్ కెప్లర్ తేల్చాడు, గ్రహాల కక్ష్యలు లెక్కగట్టిన కెప్లరే. మరి మనకు నిటారుగా ఎలా కనిపిస్తోందన్న ప్రశ్నను ఆయన మిగతా తత్వవేత్తలకు వదిలేశాడు. నన్నడిగితే ఆ ప్రశ్నే తప్పు. లోపల తెర ముందు కూర్చుని ఆ బొమ్మను చూసే మనిషి ఎవరూ లేడు, తిప్పి పెట్టాల్సిన పనీ లేదు. రెటీనాలో ఏ మూల కదిలితే బయట ఏ మూల కదిలినట్టో మెదడుకు తెలిస్తే చాలు.

రెటీనాలో వెలుతురును పట్టే కణాలు దాదాపు 10 కోట్లు. వాటిలో చాలా భాగం దండ కణాలు. మసక వెలుతురులో పనికొస్తాయి, రంగు తెలియదు. శంకు కణాలు సుమారు 50 లక్షలే, రంగులు, సన్నటి వివరాలు చూసేది అవే. ఇక రెటీనా నుంచి మెదడుకు కబురు మోసుకెళ్ళే దృక్‌నాడిలో ఉన్న తీగలు ఎన్ని? సుమారు 10 లక్షలు. అంటే వందమంది చెప్పేది ఒక్కరు మోసుకుపోవాలి. అందుకే రెటీనా చూసిందంతా పంపదు. ఎక్కడ వెలుతురు ఉన్నట్టుండి మారుతోందో, అంటే అంచులు ఎక్కడున్నాయో, ఆ కబురుకు పెద్దపీట వేస్తుంది. చదునుగా ఒకేలా ఉన్న చోటు గురించి పెద్దగా చెప్పదు. సంక్షిప్తం చేయడం మెదడు దాకా వెళ్ళకముందే, కంట్లోనే మొదలైందన్నమాట.

అంచుల మీద ఈ పక్షపాతం మీ కాగితం మీదే కనిపిస్తుంది. పెన్సిల్‌తో పక్కపక్కనే నాలుగు పట్టీలు వేయండి, ఒక్కోటి ముందుదాని కన్నా కాస్త ముదురుగా, లోపల మాత్రం ఒకే రంగు ఉండేలా. రెండు పట్టీలు కలిసే చోట లేత పట్టీ మరింత లేతగా, ముదురు పట్టీ మరింత ముదురుగా తోస్తుంది. 1865లో ఎర్న్‌స్ట్ మాక్ అనే శాస్త్రవేత్త దీన్ని వివరించాడు, ఆయన పేరు మీదే వాటిని మాక్ పట్టీలంటారు. షేడింగ్ నేర్చుకునేవాళ్ళు ఆ లేని గీతను చెరిపేద్దామని రబ్బరు పెట్టి రుద్ది కాగితం పాడు చేస్తుంటారు. చెరపకండి. అది కాగితం మీద లేదు.

బొటనవేలి గోరంత

చెయ్యి చాచి బొటనవేలు ఎత్తి గోరు చూడండి. ఆ గోరు ఆక్రమించినంత మేరే మీకు ఏ క్షణంలోనైనా నిజంగా స్పష్టంగా కనిపించేది. రెటీనా నడిమధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంది, శంకు కణాలు అక్కడే కిక్కిరిసి ఉంటాయి. అక్కడ మాత్రం వందమందికి ఒక్కరు కాదు, దాదాపు ఒక్కో కణానికి ఒక్కో తీగ. దాన్ని దాటి పక్కకు పోయేకొద్దీ చూపు మసకబారుతుంది. నమ్మకం లేదా? ఈ వాక్యంలో ‘నమ్మకం’ అన్న మాట మీదే చూపు నిలిపి, కళ్ళు కదపకుండా ఈ పేరా మొదటి మాట చదవండి చూద్దాం.

మరి ప్రపంచం మొత్తం స్పష్టంగా ఉన్నట్టు ఎందుకనిపిస్తుంది? కన్ను ఒక్కచోట ఆగదు కాబట్టి. సెకనుకు మూడుసార్లకు అటూ ఇటూగా దూకుతూనే ఉంటుంది. దూకేటప్పుడు పడే మసకను మెదడు మనకు చూపించదు. అద్దంలో మీ ఎడమ కన్ను చూసి, వెంటనే కుడి కన్ను చూసుకోండి. కళ్ళు కదలడం మీకు కనిపించదు. పక్కనున్న మనిషికి చక్కగా కనిపిస్తుంది.

ఈ దూకుళ్ళను మొదట శ్రద్ధగా రికార్డు చేసినవాళ్ళలో రష్యన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ యార్బస్ ఒకడు. 1950, 60 దశకాల్లో ఆయన మనుషులకు బొమ్మలు చూపించి, చూపు ఎక్కడెక్కడ వాలుతోందో గీతలుగా తీశాడు. ముఖాలు చూపిస్తే చూపు మళ్ళీ మళ్ళీ కళ్ళ మీదికి, నోటి మీదికి వెళ్ళింది. నుదురు, చెంపలు, తల వెనక భాగం ఎవరికీ పట్టలేదు. బొమ్మను చూస్తూ ఏం వెతకాలో చెప్తే, చూపు నడిచే దారి కూడా మారిపోయింది.

కొత్తగా ముఖం గీసేవాళ్ళ కాగితాలు ఎవరివి తీసినా ఒకటే తప్పు: కళ్ళు పెద్దవి, పెదాలు పెద్దవి, నుదురు రెండు వేళ్ళంత, తల పైభాగం ఎవరో కోసేసినట్టు. చూపు ఎక్కడ ఎక్కువసేపు వాలిందో కాగితం మీద ఆ చోటే ఉబ్బిపోయింది. నిజానికి పెద్దవాళ్ళ తలలో కళ్ళు ఉండేది సరిగ్గా సగం ఎత్తులో. నడినెత్తి నుంచి కళ్ళకు ఎంతో, కళ్ళ నుంచి గడ్డానికి అంత. మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. అద్దం ముందు పెన్సిల్‌తో నాలుగుసార్లు కొలుచుకున్నాను.

లేనిదాన్ని చూపించడం

కాగితం మీద ఎడమ వైపు చిన్న కూడిక గుర్తు, దానికి కుడి వైపు 8 సెంటీమీటర్ల దూరంలో సెంటీమీటరు మందాన నల్ల చుక్క వేయండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ, కాగితాన్ని చేతి దూరం నుంచి మెల్లగా దగ్గరికి తీసుకురండి. 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. దృక్‌నాడి రెటీనాను చీల్చుకుని బయటికి పోయే చోట వెలుతురు పట్టే కణాలు ఉండవు, దాన్నే అంధచుక్క అంటారు. 1660ల్లో ఎద్మ్ మారియెట్ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టేదాకా, కంట్లో అలాంటి చిల్లు ఒకటుందని మనిషికి తెలియదు.

ఇప్పుడు ఆ చుక్క మీదుగా నిలువుగా ఒక గీత గీసి, అదే పరీక్ష మళ్ళీ చేయండి. చుక్క పోతుంది, గీత మాత్రం తెగకుండా కనిపిస్తుంది. కబురే రాని చోట ‘ఇక్కడా గీతే ఉంటుందిలే’ అని మెదడు పూరించేసింది. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం ఇది.

తల వెనక జరిగేది

రెండు కళ్ళ నుంచి వచ్చే నాడులు మెదడు అడుగున కలుసుకుని, సగం సగం తీగలు అటుదిటు మారతాయి. దాంతో మీకు ఎడమ వైపు కనిపించేదంతా మెదడు కుడి భాగానికి, కుడి వైపుది ఎడమ భాగానికి పోతుంది. మధ్యలో, మెదడు లోపల థాలమస్ అనే చోట ఒక మజిలీ. అక్కడి నుంచి తల వెనక్కి. చేత్తో మెడ మీదుగా పైకి తడిమితే తల వెనక ఎముక బుడిపె ఒకటి తగులుతుంది, ఇంచుమించు అక్కడే లోపల ఉంటుంది చూపుకు సంబంధించిన మొదటి గది.

ఆ గదిలో ఏం జరుగుతుందో అనుకోకుండా బయటపడింది. 1958లో అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే ఇద్దరు, పిల్లి మెదడులో ఒక్క కణానికి సన్నటి తీగ తగిలించి, దాని కంటికి చుక్కలు చూపిస్తూ కూర్చున్నారు. కణం ఉలకలేదు, పలకలేదు. చుక్క ఉన్న గాజు పలకను పరికరంలో మారుస్తుండగా ఉన్నట్టుండి చిటపటలాడింది. కారణం చుక్క కాదు. గాజు పలక అంచు వేసిన సన్నటి నీడ గీత. అది కూడా ఒక కోణంలో ఉంటేనే. తర్వాత ఒక్కో కణానికి ఒక్కో కోణం ఇష్టమని తేలింది. 1981లో వాళ్ళకు నోబెల్ వచ్చింది.

బొమ్మలు గీసేవాళ్ళకు ఇందులో గొప్ప ఊరట ఉంది. బయట ప్రపంచంలో గీతలు లేవు. మీ బుగ్గ చుట్టూ నల్లగీత ఎక్కడుంది? ఒక రంగు ఆగి ఇంకో రంగు మొదలవుతుంది, అంతే. అయినా నాలుగు గీతలు గీస్తే చూసినవాడు ‘ముఖం’ అంటాడు. మెదడు మొదటి గది వెతికేది అంచులనే కాబట్టి, గీతలో దానికి కావలసిన సరుకు దొరుకుతుంది.

అక్కడి నుంచి కబురు ముందు గదులకు పోతుంది. ఆకారాలు, కదలికలు, ముఖాలు, వస్తువులు. ముఖాలను పోల్చుకోవడంలో మెదడు కింది భాగంలో ఒక చోటుకు పెద్ద పాత్ర ఉంది. అది దెబ్బతిన్నవాళ్ళు కళ్ళు బాగానే ఉన్నా సొంతవాళ్ళ ముఖం పోల్చుకోలేకపోవచ్చు, గొంతు వింటే గుర్తుపడతారు. ఈ దారి చివర మనకు అందేది కొలతలు కాదు. ‘గ్లాసు’, ‘చెయ్యి’, ‘అమ్మ’, అంటే పేర్లు. మన గ్లాసు అడుగు ఇక్కడే ఎక్కడో తిన్నని గీత అయిపోయింది. పేరు అందగానే కొలత గల్లంతయింది.

మెదడును తిట్టుకోకండి. దూరంగా వచ్చే బండి కంట్లో గోరంతే ఉన్నా అది నిజంగా బండంత ఉందని మెదడు చెప్పబట్టే రోడ్డు దాటగలుగుతున్నాం. అయితే గీసేటప్పుడు కాసేపు ఆ సర్దుబాటును పక్కన పెట్టించాలి. చెప్తే వినదు, నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రెండు చేతులు ఒకే సైజులో చూస్తాను. ఏమార్చాల్సిందే.

ఏమార్చే పద్ధతులు

పెన్సిల్ కొలత మీకు వచ్చింది. అందులో రెండు నియమాలు తప్పకూడదు. మోచెయ్యి వంగకూడదు, వంగితే కొలతబద్ద దూరం మారి కొలతలన్నీ ఒకదానికొకటి పొసగవు. ఒక కన్ను మూసే ఉండాలి, రెండు కళ్ళ మధ్య సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉంది, రెండూ తెరిస్తే పెన్సిల్ రెండు చోట్ల కనిపిస్తుంది.

రెండోది నాకు చాలా ఇష్టమైనది: వస్తువును వదిలి ఖాళీని గీయడం. కుర్చీ గీయమంటే మెదడు వెంటనే ‘నాలుగు కాళ్ళు, సమాన పొడవు’ అంటుంది. నిజానికి మీరు కూర్చున్న చోటి నుంచి వెనక కాళ్ళు పొట్టిగా కనిపిస్తుంటాయి. అదే, కుర్చీ ముందు కాలికీ వెనక కాలికీ మధ్య నేల కనిపించే ముక్కను గీయండి. దానికి పేరు లేదు. పేరు లేనిదాని గురించి మెదడు దగ్గర ముందే తయారుగా ఉన్న సమాధానం లేదు, చచ్చినట్టు చూడాల్సిందే. వంకర నాలుగు మూలల ముక్క ఒకటి, మూడు మూలల ముక్క ఒకటి, ఇలా ఖాళీలన్నీ పక్కపక్కన గీసుకుంటూ పోతే చివరికి మధ్యలో కుర్చీ తనంతట తాను నిలబడుతుంది. మొదటిసారి నిలబడినప్పుడు నేను చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను.

అంతకుముందు ఒక చేదు అనుభవం ఉంది. మా తమ్ముడు మంచం మీద నిద్రపోతుంటే కాళ్ళ వైపు కూర్చుని గీశాను. పెన్సిల్‌తో కొలిస్తే అరికాలు వాడి తల కన్నా పెద్దదని వచ్చింది. ‘ఎక్కడైనా పాదం తల కన్నా పెద్దగా ఉంటుందా?’ అని కొలతను పక్కన పెట్టి, కాళ్ళు సరైన పొడవులో, తల సరైన సైజులో ‘దిద్దాను’. తీరా చూస్తే వాడు మంచం మీద పడుకోలేదు, గోడకు మేకులు కొట్టి నిలబెట్టినట్టున్నాడు. కొలతకూ తెలివికీ తగాదా వస్తే కొలత పక్షానే ఉండాలని ఆ రోజు తెలిసింది.

మూడోది, ఫొటోను తలకిందులుగా పెట్టుకుని గీయడం. తలకిందుల ముఖాన్ని మెదడు అంత సులువుగా పోల్చుకోలేదు. 1980లో పీటర్ థాంప్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ముఖం ఫొటోలో కళ్ళు, నోరు మాత్రం తిరగేసి అతికించాడు. ఆ ఫొటోను తలకిందులుగా చూసినవాళ్ళకు పెద్దగా తేడా అనిపించదు, నిటారుగా తిప్పగానే ఉలిక్కిపడతారు. మనకు ఆ గుడ్డితనమే లాభం. ముక్కు ముక్కులా కనిపించదు, ఒక వంపు, పక్కన ఒక నీడ ముక్క, అంతే. పూర్తయ్యేదాకా కాగితం తిప్పి చూడకండి, ఎంత ఆశగా ఉన్నా సరే.

కళ్ళు సగం మూసి చూడటం నాలుగోది, అది నీడల కోసం. నీడలో ఉన్న తెల్ల కాగితాన్ని కూడా మెదడు తెల్లగానే చూపిస్తుంది, కనుక దాని సంగతి నీడల పాఠంలో విడిగా చూద్దాం.

ఇంటిపని

అదే గ్లాసును మూడుసార్లు గీయండి, ఒక్కోటి పావుగంట. మొదటిది గ్లాసు పై అంచు కంటి మట్టానికి వచ్చేలా పుస్తకాలు పేర్చి, దాని మీద పెట్టి. అప్పుడు పై అంచు తిన్నని గీత కావాలి, అడుగు వంపు తిరగాలి. రెండోది మామూలుగా టేబుల్ మీద. మూడోది నేల మీద పెట్టి, మీరు నిలబడి. ప్రతిదానికీ ముందు రెండు కోలల వెడల్పు, ఎత్తు పెన్సిల్‌తో కొలిచి కాగితం మూల రాసుకోండి, తర్వాతే గీయండి.

కుర్చీ ఖాళీలు ఒకసారి, తలకిందుల ఫొటో ఒకసారి, వారంలో ఎప్పుడు వీలైతే అప్పుడు.

కాగితాల మీద తేదీ వేయండి. అడుగు తిన్నగా వచ్చిన ఆ మొదటి గ్లాసును చింపి పారేయకండి, ఆరో పాఠంలో దానితో పని ఉంది.